కడబంతి – గురునానకు, బీదరు

బాన్సువాడలో పడమటి బస్సెక్కితే పిట్లం దాకా దారి ఒక్కటే. అక్కడ అది రెండుగా చీలుతుంది. కుడిచేతి దారి మద్నూరు, దెగ్లూరుల మీదుగా నాందేడుకు పోతుంది. ఎడమచేతి దారిన నారాయణఖేడు మీదుగా బీదరు చేరవచ్చును. నాందేడులో సిక్కుల పదవ గురువైన గోవిందసింగు 1708 అక్టోబరు 7న కన్నుమూశాడు. బీదరులో మొదటి గురువైన నానకు 16వ శతాబ్ది తొలినాళ్ళలో కొంతకాలం ఆగాడని సంప్రదాయం. ఎక్కడో అయిదు నదుల నడుమ పుట్టి పెరిగిన ఒక మతచరిత్రకు మొదలొకటి, తుదియొకటి మా ఊరికి చెరొక పక్కన, ఒక్కపూట బస్సు ప్రయాణం దూరంలో ఉన్నవన్న సంగతి నాకు చాలాకాలం తట్టలేదు.

నీళ్ళకు మాత్రం ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. బీదరు జిల్లాను చుట్టి వచ్చే మంజీర నిజాంసాగరులో ఆగి, బాన్సువాడ పొలాలను తడిపి, ఉత్తరంగా సాగి కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి వచ్చేది నాందేడు ఘాట్ల మీదుగానే. 1956 దాకా ఈ మూడు ఊళ్ళూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలోనివి. ఆ యేడు నాందేడు బొంబాయి రాష్ట్రానికీ, బీదరు మైసూరు రాష్ట్రానికీ, మా నిజామాబాదు జిల్లా ఆంధ్రప్రదేశుకూ పంచబడ్డాయి. బాన్సువాడ 2016 నుంచి కామారెడ్డి జిల్లాలో ఉన్నది. సరిహద్దులు మారిన కొద్దీ పొరుగువాడి కథ మనది కాదనుకోవడం అలవాటైపోయింది. నానకును గూర్చి మనలో చాలామందికి తెలిసినది బడిపుస్తకంలోని ఒక పేరా, కార్తిక పున్నమినాటి సెలవు, అంతే.

కొన్నేళ్ళ క్రిందట ఝరణీ నరసింహస్వామి దర్శనానికని మా వీధివారు కొందరు బీదరుకు బయలుదేరితే నేనూ వెంట వెళ్ళాను. మాలో డెబ్బయి దాటిన పెద్దాయన ఒకడు ఉన్నాడు. కులవృత్తి క్షౌరం. గుహలో రొమ్ములోతు నీళ్ళలో నడిచి స్వామిని చూసి, బట్టలు పిండుకొని, తిరుగు ప్రయాణానికి ఇంకా పొద్దున్నది కదా అని నానక్ ఝీరా సాహెబుకు వెళ్ళాము.

అక్కడి కథ అందరూ చెప్పేదే. నానకు ఈ ఊరికి వచ్చేనాటికి నీటికి కరవుగా ఉన్నదట. బావులు తవ్వితే ఉప్పునీళ్ళు పడేవట. జనం మొరపెట్టుకోగా ఆయన కొండవాలున ఒక రాతిని పాదంతో పక్కకు జరిపాడట, తియ్యని నీటి ఊట ఒకటి పైకి వచ్చిందట. ఝీరా అంటే ఊటయే. ఇప్పటికీ ఆ నీరు పారుతున్నది, జనం సీసాలలో పట్టుకొని పోతున్నారు.

భూగర్భశాస్త్రం తెలిసినవారు దీనికి వేరే కారణం చెబుతారు. బీదరు పీఠభూమి పైపొర ఎర్రని జేగురురాయి, దాని నిండా రంధ్రాలే. వాననీరు అందులోనుంచి దిగి, అడుగున నీటిని ఇంకనివ్వని నల్లరాతిని చేరి, అక్కడినుంచి పక్కకు జారి, కొండ అంచుల వద్ద ఊటగా బయటపడుతుంది. ఝరణీ నరసింహుని గుహలో నిలిచిన నీరూ, పాపనాశం గుడి వద్ద ఊరే నీరూ ఇలా వచ్చినవే. బహమనీల కాలంలో ఈ ఊటలను పసిగట్టి నేల అడుగున కరేజులనే నీటి సొరంగాలను కూడా తవ్వించారు. ఒక రాయి, ఒక నీరు, ముగ్గురు దేవుళ్ళ పేర్లు. ఈ వివరణ విని భక్తులు నొచ్చుకోనక్కరలేదు. ఎండిన ఊరికి ఒక సాధువు వచ్చి ఊట ఉన్న చోటు చూపించి ఉంటే అదేమీ చిన్న సంగతి కాదు.

కాని నేను వ్రాయదలచినది ఊటను గూర్చి కాదు. దర్శనమైన తరువాత లంగరుకు, అనగా అక్కడి ఉచిత భోజనశాలకు వెళ్ళాము. నేలమీద పొడవాటి పట్టాలు పరచి ఉన్నవి. వచ్చినవారు వచ్చినట్లు వరుసగా కూర్చుంటున్నారు. మా పెద్దాయన మాత్రం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నేను వెనుదిరిగి చూస్తే నెమ్మదిగా, ఎవరికీ వినబడకుండా, "సారూ, మనది ఏ బంతి?" అని అడిగాడు.

బంతి అన్నది పంక్తికి వికృతి. మా ప్రాంతపు పెళ్ళిళ్ళలో తొలిబంతి ఎవరిదో, నడిమిబంతి ఎవరిదో, కడబంతి ఎవరిదో ఎవరూ వ్రాసి పెట్టరు, కాని అందరికీ తెలుసు. ఈయన పెళ్ళికొడుక్కు గడ్డం గీసి, ఊరేగింపులో సన్నాయి ఊది, దివిటీ పట్టి, అందరూ తిని లేచిన తరువాత పందిరి బయట విస్తరి వేసుకొని తిన్న మనిషి. ఆ ప్రశ్నలో కోపం లేదు, బాధ కూడా లేదు. కొత్త ఊళ్ళో దారి అడిగినట్లు అడిగాడు. అదే నాకు ఇన్నాళ్ళూ మరుపు రాలేదు.

మన భాషలో పంక్తి చుట్టూ ఎన్ని మాటలున్నవో చూడండి. కూర్చున్నంత మాత్రాన వరుసను పవిత్రం చేసేవాడు పంక్తిపావనుడు, మైలపరచేవాడు పంక్తిదూషకుడు. వీరి జాబితాలు ధర్మశాస్త్రాలలోనే ఉన్నవి. కులం నుంచి వెలి అయినవాడు పంక్తిబాహ్యుడు. ఇక వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత ఉండనే ఉన్నది. దానిని మనం ఆశ్రితపక్షపాతాన్ని ఎగతాళి చేయడానికి వాడుకుంటాము కాని, కడబంతివానికి గిన్నె అడుగున మిగిలినదే దక్కుతుందన్న లోకజ్ఞానం దానిలో ఉన్నది. పంజాబీలో ఇదే మాట పంగత్ అయింది. అక్కడ ఆ మాటకు అర్థం, రాజూ పేదా, ఏ కులమువాడైనా ఒకే వరుసలో నేలమీద కూర్చొని ఒకే వంట తినడం. ఒకే సంస్కృతపదం ఒకచోట వేరుచేయడానికీ, మరొకచోట కలపడానికీ పేరైంది. ఆ మార్పుకు ఆద్యుడైన మనిషి బీదరు దాకా వచ్చాడని చెప్పుకుంటున్నాము గనుక, ఆయన ఎవరో, ఏమి చేశాడో కొంత వివరంగా చూద్దాము.

నానకు 1469లో లాహోరుకు పడమరనున్న తల్వండిలో పుట్టాడు. నేటి పాకిస్తానులోని నన్కానా సాహెబు అదే. తల్లి తృప్త, తండ్రి కాలూ, కులం ఖత్రీలలో బేడీలు. తండ్రి వృత్తి పట్వారీగిరి. పట్వారీ అంటే ఏమిటో తెలంగాణ పల్లెలలో పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు. ఊరి భూమి లెక్కంతా అతని దస్తరంలో ఉంటుంది, ఆ దస్తరానికి ఊరంతా దణ్ణం పెడుతుంది. అటువంటి ఇంట పుట్టినవాడు కులం మాట ఎత్తవద్దన్నాడంటే, పోగొట్టుకునేది లేనివాడు అన్న మాట కాదది. జందెం వేసే ముహూర్తాన పిల్లవాడు పురోహితుని నిలదీశాడని జన్మసాఖీలనే చరిత్రకథలు చెబుతవి. దయ అనే పత్తితో, సంతోషమనే దారంతో వడికిన జందెముంటే వేయమనీ, అది తెగదు, మాయదు, మనిషితో పాటు కాలదనీ ఆయన తాత్పర్యం. ఈ భావం ఆయన పాటలలోనూ ఉన్నది గనుక కథ ఎట్లున్నా అభిప్రాయం ఆయనదేనని నమ్మవచ్చును.

జన్మసాఖీలను గూర్చి ఒక మాట ఇక్కడే చెప్పవలసి ఉన్నది. అవి గురువు పోయిన కొన్ని దశాబ్దాల తరువాత భక్తులు కూర్చినవి. వాటిలో మక్కా తిరుగుతుంది, కొండ దొర్లివస్తే అరచెయ్యి ఆపుతుంది. 1968లో మెక్లియడ్ అనే న్యూజిలాండు పండితుడు నానకు జీవితంపై ఒక గ్రంథం ప్రకటించి, వీటిని ఒక్కొక్కటిగా జల్లెడపట్టి, నిలిచేది బహు స్వల్పమని తేల్చినప్పుడు సిక్కులలో చాలామందికి ఆగ్రహం కలిగింది. బీదరు కథకు కూడా ఆధారం స్థానిక సంప్రదాయమే. అక్కడ ఆయన జలాలుద్దీను, యాకూబు అలీ అనే సూఫీలతో మాట్లాడాడనీ ఆ సంప్రదాయమే చెబుతుంది. ఆనాటి బీదరులో బహమనీ సుల్తాను మహమూదుషా గద్దెమీద బొమ్మ, అధికారమంతా మంత్రి అమీరు బరీదుది. మహమూదు గవాను కట్టించిన మదరసా ఇంకా చెక్కుచెదరక ఉన్నది, అతని తల తెగి మాత్రం ముప్పయ్యేళ్ళు అయింది. అటువంటి ఊరికి ఒక పంజాబీ సాధువు, వెంట రబాబు వాయించే ముస్లిం మిత్రుడు మర్దానా, కాలినడకన వచ్చారనడంలో అసంభవమేదీ లేదు. అంతకుమించి గట్టిగా చెప్పడం చరిత్ర కాదు.

నానకు ఇల్లు విడవకముందు ఉద్యోగం చేశాడు. సుల్తానుపూరు లోధీలో బావగారి సిఫారసుతో దౌలతుఖాను లోడీ కొలువున మోదీఖానాలో, అంటే ధాన్యపు కొటారులో, లెక్క చూసే పని దొరికింది. ధాన్యం కొలుస్తూ పన్నెండు దాటి పదమూడుకు వచ్చేసరికి నోరు ఆగిపోయేదట. పంజాబీలో తేరా అంటే పదమూడు, నీదే అని కూడా అర్థం. ఆ మాటనే జపిస్తూ కొలిచి పోసేవాడట. మన రైతు కళ్ళంలో మొదటి కొలతను ఒకటి అనడు, లాభం అంటాడు. ఈ రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు నవ్వు వస్తుంది. ఫిర్యాదు వెళ్ళి లెక్క సరిచూస్తే కొటారులో తరుగేమీ లేదన్నది కథకు ముక్తాయింపు. నాకు ఈ కథలో ముఖ్యమని తోచేది అద్భుతం కాదు. ధాన్యం ఎట్లా వస్తుందో, ఎంతమందికి ఎన్నాళ్ళు సరిపోతుందో, ఎక్కడ పోతుందో తెలిసిన మనిషి ఆయన. సాధువులలో ఇది అరుదు.

ముప్పయ్యో యేట బేయీ నదిలో స్నానానికి దిగినవాడు మూడు రోజులు కనబడలేదు. తిరిగి వచ్చాక ఆయన అన్న మొదటి మాటకు సారం, దేవుని ఎదుట హిందువనీ ముసల్మాననీ తేడా లేదని. ఆపైన దాదాపు ఇరవై యేళ్ళ సంచారం. సైదుపూరులో లాలో అనే వడ్రంగి ఇంట జొన్నరొట్టె తిని, మలిక్ భాగో అనే అధికారి విందును కాదన్నాడన్న కథ ఈ కాలానిదే. 1520 ప్రాంతాన బాబరు సేన ఆ సైదుపూరునే దోచుకొని కాల్చినప్పుడు చూచినవాడు గనుక, ఆ హింసను గూర్చి ఆయన పాడిన పాటలు ఉన్నవి. వాటిలో ఆయన బాబరును మాత్రమే కాదు, ఇంత ఏడుపు విని నీకు జాలి కలుగలేదా అని దేవుణ్ణే నిలదీస్తాడు. నిశ్చింతగా ఏలిన లోడీ పాలకులనూ వదలడు.

ఇంతవరకు మన దేశంలోని ఎందరో సాధువుల కథ వలెనే ఉన్నది. విశేషం దీని తరువాతిది. సంచారం ముగించిన నానకు కొండకు పోలేదు, మఠం పెట్టలేదు. 1520ల నాటికి రావీ నది ఒడ్డున కర్తారుపురమనే పల్లెను కట్టించి, భార్య సులఖనితో, బిడ్డలతో కాపురముండి, కాషాయం విప్పి నాగలి పట్టాడు. దాదాపు పదునెనిమిది సంవత్సరాలు, 1539లో కన్నుమూసే దాకా, రైతుగా బ్రతికాడు. తెల్లవారుజామున పాట, పగలు పొలం, సాయంకాలం మళ్ళీ పాట, ఆపైన అందరికీ కలిసి భోజనం. ఒళ్ళు వంచి పని చెయ్యి, వచ్చినది పంచుకొని తిను, దేవుని పేరు తలచుకో. ఆయన బోధకు సారంగా సిక్కులు చెప్పుకునే మూడు సూత్రాలు ఇవే. అవి పుట్టినది వాదసభలో కాదు, ఆ పొలం గట్టున.

ఆ పల్లెలో నేలమీద వరుసగా కూర్చొని తినడమే లంగరు. సూఫీల ఖాన్‌ఖాలలో అన్నదానముండేది, గుళ్ళలో ప్రసాదముండేది. కాని అవి పెట్టేవానికీ పుచ్చుకునేవానికీ నడుమ జరిగేవి. ఇక్కడ పండించినవాడు, వండినవాడు, తిన్నవాడు, అంట్లు తోమినవాడు అందరూ ఒకరే. అంటును గూర్చి ఆయన అభిప్రాయం స్పష్టం. పురిటి మైల నిజమైతే పిడకలోనూ కట్టెలోనూ పురుగు పుడుతున్నదే, వంటింట్లో మైల లేనిదెప్పుడు అని ఆసా దీ వార్ అనే రచనలో అడిగాడు. రాజులను కన్న ఆడదాన్ని తక్కువదని ఎట్లా అంటావని అడిగినదీ అందులోనే. నీచులలో నీచులైన వారితోనే తన పొత్తు అని మరొకచోట చెప్పుకున్నాడు. ఆయన పేర గురుగ్రంథంలో 974 పాటలున్నవి. గట్టి ఆధారమంటే అవే, ఊట కాదు.

తెలుగు చదువరులకు ఇక్కడ ఒక అభ్యంతరం తోచవచ్చును. నానకు పుట్టుకకు మూడు వందల యేళ్ళ ముందే పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టలేదా? అన్ని కులాలవారిని ఒకే చాపమీద కూర్చోబెట్టి తినిపించలేదా? మాల కన్నమదాసును కొడుకుగా చేసుకొని సేనాపతిని చేయలేదా? నిజమే. ఇంకా దగ్గరిది చెప్పాలంటే, బీదరు జిల్లాలోనిదే బసవకల్యాణం. అక్కడ 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు అన్ని వృత్తులవారిని ఒకచోట చేర్చి, కాయకమనీ దాసోహమనీ పనికీ పంపకానికీ పేర్లు పెట్టాడు. ఆయన కథను మన పాల్కురికి సోమన తెలుగులో పురాణంగా వ్రాశాడు. పొలం, పంపకం అన్న నానకు మాటలు వింటే కల్యాణమే గుర్తుకు వస్తుంది.

అయితే ఆ రెండు పంక్తులూ ఏమైనవి? చాపకూడు మాచర్ల రాజ్యంతో ముడిపడి ఉన్నది. బ్రహ్మనాయుడు మంత్రి. ఆ రాజ్యం కారంపూడి రణభూమిలో నేలకూలినప్పుడు చాప కూడా చుట్టుకుపోయింది. ఇప్పుడు కార్తికమాసంలో అక్కడ జరిగే వీరుల ఉత్సవాలలో యేటా ఒక రోజు చాపకూడు పెడతారు. కల్యాణం బిజ్జలుని రాజధాని, బసవన్న అతని భాండాగారి. చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కీ, బ్రాహ్మణుడైన మధువరసు కూతురుకీ పెళ్ళి చేసినందుకు ఆ తండ్రులిద్దరినీ చంపించారు. తరువాత బిజ్జలుడు హత్యకు గురయ్యాడు, శరణులు చెల్లాచెదరయ్యారు. లింగాయతు మఠాలలో దాసోహం ఈనాటికీ నడుస్తున్నది. కాని కల్యాణంలో ఆ కొన్నేళ్ళు జరిగినది మళ్ళీ జరుగలేదు.

నా ఊహ ఇది, విభేదించేవారు విభేదించవచ్చును. బ్రహ్మనాయుడూ బసవన్నా అధికారంలో ఉండి పంక్తిని మార్చారు, అధికారం పోగానే పంక్తి చెదిరింది. నానకు కొలువు వదలుకున్న తరువాత మొదలుపెట్టాడు. ఆయన లంగరుకు రాజు పెట్టినది లేదు గనుక రాజు తీసుకునేదీ లేకపోయింది. దానికి ఆధారం ఒక పొలం, పదిమంది చేతులు. తరువాతి గురువుల కాలంలో సంపాదనలో పదోవంతు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. రెండవ కారణం వారసత్వం. ఆయనకు ఇద్దరు కొడుకులు, శ్రీచందు, లఖ్మీదాసు. పెద్దవాడు విరాగి, తరువాత ఉదాసీ శాఖకు మూలపురుషుడైనవాడు. ఇద్దరినీ కాదని, ఒకప్పుడు దేవీ ఉపాసకుడైన లెహనా అనే శిష్యునికి అంగదుడని పేరుపెట్టి తన స్థానంలో కూర్చోబెట్టాడు. కొడుకులకు నచ్చలేదు, నచ్చుతుందని ఆయనా అనుకొని ఉండడు. పట్వారీ కొడుకు వంశపారంపర్యాన్ని తన ఇంట్లోనే తెంచివేశాడు.

అంగదుడు గురుముఖి లిపిని స్థిరపరచి పాటలకు పుస్తకం మీద నిలువ నీడ కల్పించాడు. ఆయన భార్య ఖీవీ లంగరు నడిపేది. ఆమె వండించే నేతి పాయసాన్ని గూర్చి గురుగ్రంథంలోనే ప్రస్తావన ఉన్నది. ఎంత తత్త్వం చెప్పిన గ్రంథమైనా పాయసం రుచిని మరచిపోలేదన్నది నాకు చాలా ఇష్టమైన విషయం. మూడవ గురువు అమరదాసు 1552లో, డెబ్బయి మూడేళ్ళ వయసున, గురువయ్యాడు. నన్ను చూడదలచినవాడు ముందు పంక్తిలో కూర్చొని తిని రావలెనని నియమం పెట్టినది ఆయనే. అక్బరు కూడా గోయిందవాలులో అట్లాగే కూర్చొని తిన్నాడని సంప్రదాయం. సతినీ పరదానూ కాదన్నాడు, ఇరవైరెండు మంజీలు, అంటే ప్రచారపీఠాలు, ఏర్పరచాడు. నానకు పల్లెలో ఒక అలవాటుగా ఉన్నది అమరదాసు నాటికి దాటరాని గడప అయింది.

ఇప్పుడు బీదరుకు తిరిగి వద్దాము. 1699 వైశాఖి నాడు ఆనందపురంలో పదవ గురువు గోవిందసింగు కత్తి దూసి, తల ఇచ్చేవాడెవరని సభను అడిగితే ఒకరి తరువాత ఒకరు అయిదుగురు లేచారని సిక్కుచరిత్ర. లాహోరు ఖత్రీ దయారాము, హస్తినాపురపు జాటు ధరమదాసు, జగన్నాథపురిలో నీళ్ళు మోసే కులంవాడు హిమ్మత్‌రాయి, ద్వారకలో బట్టలకు అద్దకం వేసే మొహకమచందు. అయిదవవాడు బీదరు మంగలి సాహెబుచందు. దేశం నలుమూలలనుంచీ ఇంత చక్కగా అమరినట్లు రావడం అనుమానించదగినదే అని చరిత్ర చదివినవారు అనవచ్చును, నేనూ అనుకున్నాను. కాని సంప్రదాయం ఒక పేరును శతాబ్దాలు దాటి మోసుకు వచ్చినప్పుడు, బీదరును చెప్పడానికి మంగలినే ఎంచుకున్నదన్నది గమనించండి. సూఫీని కాదు, సర్దారును కాదు. ఆ అయిదుగురికీ ఒకే ఇనుపగిన్నెలోని అమృతం తాగించి, ఆ గురువు మళ్ళీ వారి చేతనే తానూ తాగాడు. సాహెబుచందు సాహెబుసింగు అయి, చమకౌరు యుద్ధంలో చనిపోయాడు.

గోవిందసింగు బహదూరుషా వెంట దక్కనుకు వచ్చి నాందేడులో తనువు చాలించడం, తన తరువాత మనిషి కాక గ్రంథమే గురువని చెప్పడం తెలిసినవే. ఆ గ్రంథంలో నాందేడుకు పొరుగున నర్సీలో పుట్టాడని చెప్పుకునే నామదేవు పాటలు అరవై ఒకటి ఉన్నవి. ఆయన కులవృత్తి దర్జీపని. ముక్తసరు పోరులో కత్తి పట్టిన మాయీ భాగో గురువు పోయిన తరువాత బీదరు చేరువన జన్వాడలో తపసు చేసుకుంటూ చివరి రోజులు గడిపిందంటారు. 1832 ప్రాంతంలో రంజీతుసింగు నాందేడులో నేటి మందిరాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. నిజాముకు పంపిన లాహోరీ ఫౌజు సంతతి హైదరాబాదులో స్థిరపడి దక్కనీ మాట్లాడుతున్నది. వీటిలో ఒక్కొక్కటీ ఒక్కొక్క వ్యాసానికి సరిపడేవి, ఇక్కడ విడిచిపెడుతున్నాను.

ఒక సంగతిని మాత్రం విడిచిపెట్టరాదు. లంగరు కులాన్ని తుడిచివేసిందని ఎవరైనా అంటే నమ్మకండి. పంజాబు పల్లెలలో దళిత సిక్కులకు వేరే గురుద్వారాలు, వేరే శ్మశానాలు ఉన్నవి. 1920 అక్టోబరులో, కొత్తగా సిక్కులైన దళితులు అమృతసరు స్వర్ణమందిరానికి ప్రసాదం తెస్తే అక్కడి పూజారులు పుచ్చుకోమన్నారు. పంక్తిని కనిపెట్టిన మతంలో, దాని నడిబొడ్డున, నాలుగు వందల యేళ్ళ తరువాత! చివరకు గురుగ్రంథాన్ని తెరిచి చూసి, అందులోని వాక్యం ప్రకారం ప్రసాదం స్వీకరించవలసి వచ్చింది. అకాల తఖ్తు పూజారులు స్థానం వదిలి పోయారు. గురుద్వారాల నిర్వహణ కోసం ప్రబంధక కమిటీ ఆ నవంబరులోనే పుట్టింది. ఆనాడు పూజారులను ఓడించడానికి నానకు వదిలివెళ్ళిన రెండూ, పాటా పంక్తీ, చేతికి అందుబాటులో ఉన్నవి. మన పల్నాటి కూడు కథలో ఉన్నది, చేతికి అందలేదు.

బీదరులో ఆ రోజు మా పెద్దాయన ప్రశ్నకు నేను జవాబు చెప్పేలోగానే తలపాగా కుర్రవాడొకడు వచ్చి, "బైఠో బాబా, కహీఁ భీ బైఠో" అని చెయ్యి పట్టి తీసుకుపోయి నడుమ కూర్చోబెట్టాడు. ఆయనకు ఒక పక్క మా వీధి కోమటి సేటు, మరొక పక్క ఎవరో సర్దార్జీ. రొట్టె పళ్ళెంలో వేయరు, రెండు చేతులూ చాచి పుచ్చుకోవాలి. పెద్దాయన చాచిన చేతుల్లో మొదటి రొట్టె పడింది. చాలాసేపు దానిని తినకుండా అట్లాగే పట్టుకొని కూర్చున్నాడు. సేటు రెండుసార్లు పప్పు అడిగి వేయించుకున్నాడు.

బస్సులో సాహెబుసింగు కథ చెప్పాను. నారాయణఖేడు దాటేవరకు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఆయనకు పిల్లలున్నరా సారూ, వాళ్ళు గిప్పుడు ఏం పని చేస్తున్నరట?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. పిట్లంలో బస్సు ఆగితే దిగి టీ తాగాము. డబ్బులు ఆయనే ఇచ్చాడు.